బండి డైనమోతో ట్రైలర్ బ్యాటరీ నిండడం లేదు, రెండో బ్యాటరీ కొనాలా?

రుషికొండ చేపల బండి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను, మా ఆయన కలిసి రుషికొండ బీచ్ దగ్గర సాయంత్రం పూట చేపల వేపుడు అమ్ముతాం. డీజిల్ పికప్ వెనక లాగే చిన్న ట్రైలర్ మాది. అందులో 12 వోల్టుల ఫ్రిజ్, నాలుగు ఎల్ఈడీ లైట్లు, రెండు ఫ్యాన్లు, పొగ బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉన్నాయి. పొయ్యి గ్యాసుది. వీటన్నిటికీ కలిపి ఒకటే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే రకం.

పికప్ బ్యాటరీ నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, రిలే మీదుగా ట్రైలర్ బ్యాటరీకి వేయించాం. బండి స్టార్టు చేస్తేనే కలుస్తుంది. మర్రిపాలెం నుంచి ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి సరుకు తీసుకుని, బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ చేరేసరికి బండి సుమారు 50 నిమిషాలు నడుస్తుంది. తిరుగు ప్రయాణం 40 నిమిషాలు.

వారానికి ఒకటి రెండుసార్లు బ్యాటరీ కొట్టులో ఇచ్చి ఛార్జి చేయిస్తున్నాం. తెచ్చిన రోజు రాత్రి పది దాటినా బాగుంటుంది. మూడో రోజుకు ఎనిమిదిన్నరకే లైట్లు మసకబారతాయి, ఫ్రిజ్ ఆగిపోతుంది. అందులో వంజరం, రొయ్యలు ఉంటాయి కదా, నా ప్రాణం అంతా దాని మీదే. శనివారం జనం వచ్చేదే ఆ వేళకు.

కొట్టువాళ్లు రెండో బ్యాటరీ పెట్టించమంటున్నారు. ఇంకొకరు పెద్ద డైనమో వేయించమన్నారు. డిసెంబరులో అరకు కూడా వెళ్లి అమ్మాలని ఉంది. ఏది చేయించాలో తెలిసినవారు చెప్పండి.


ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

అమ్మా, రెండో బ్యాటరీ కొనకండి. ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

మీ వాడకం లెక్క వేద్దాం. లైట్లకు మూడు ఆంపియర్లు, ఫ్యాన్లు మూడూ కలిపి ఐదు, ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున రెండున్నర. మొత్తం 11 ఆంపియర్లు అనుకుంటే ఐదు గంటలకు 55 ఏహెచ్. 150 ఏహెచ్ బ్యాటరీ నిండుగా ఉంటే ఇది దానికి పెద్ద బరువేమీ కాదు. మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కొట్టు నుంచి తెచ్చిన రోజు పది దాటాక కూడా బాగుందంటే బ్యాటరీలో సత్తువ ఉన్నట్టే. అది చిన్నదై కాదు, పస్తులుండి నీరసపడుతోంది. పక్కన ఇంకొకటి పెడితే రెండూ పస్తులుంటాయి.

రోజూ 55 పోతున్నప్పుడు లోపలికి వస్తున్నది ఎంత? అది ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు. పది నిమిషాల పని, మీటరుతో మీరే చూడండి. సాయంత్రం వాడకం అయిపోయాక, బ్యాటరీ దిగి ఉన్నప్పుడు ఇంజిన్ స్టార్టు చేసి, పికప్ బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య ఎన్ని వోల్టులో, ట్రైలర్ బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులో రాసుకోండి. తరువాత పొడవాటి వైరు ముక్క సాయంతో పికప్ పాజిటివ్‌కూ ట్రైలర్ పాజిటివ్‌కూ మధ్య మీటరు పెట్టండి. అలాగే నెగటివ్‌కూ నెగటివ్‌కూ మధ్య. దారిలో ఎక్కడ ఎంత పోతోందో ఈ రెండే చెప్పేస్తాయి. డీసీ చూపే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) దొరికితే ఆంపియర్లు కూడా చూడండి.

ఇంకొకటి. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే చిన్న వోల్ట్ మీటరు కొనండి. బండి నడుస్తున్నంతసేపూ మీ ఆయన రోడ్డు చూస్తారు, మీరు దాన్ని చూడండి. మొదట ఎంత, పది నిమిషాల తరువాత ఎంత అన్నది నాకు ముఖ్యం.


హార్బర్ సరంగు

ఆటోనగర్ అన్నగారు చెప్పింది నిజమే కానీ ఇంత కొలతలు అక్కర్లేదని నా ఉద్దేశం. మా మరబోట్లలో ఇంజిన్ డైనమో నుంచే వైర్‌లెస్‌కు, లైట్లకు, చేపలు చూసే యంత్రానికి బ్యాటరీలు నిండుతాయి. బొటనవేలు లావు కేబుల్ వేస్తాం, మధ్యలో ఒక స్విచ్. ఇంజిన్ నడుస్తుంటే కలుపుతాం, ఆపాక విడదీస్తాం. రాత్రంతా వేటలో ఉన్నా లైటు మసకబారదు. చెల్లెమ్మా, ఆ 2.5 వైరు తీసేసి లావు కేబుల్ వేయించండి, సరిపోతుంది.

మరొక మాట. వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, బోట్లు కట్టేసినప్పుడు బ్యాటరీలను సగం ఛార్జితో వదిలేసినవాళ్లు జూన్‌లో కొత్తవి కొనుక్కోవలసి వస్తుంది. సగం నిండిన బ్యాటరీ వాడకుండా ఉన్నా చెడిపోతుంది. వానల్లో మీరు బండి ఆపేసే రోజుల్లో ఇది మనసులో పెట్టుకోండి.


రుషికొండ చేపల బండి

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. కొలతలు చూశాను. పికప్ బ్యాటరీ దగ్గర 14.2, ట్రైలర్ బ్యాటరీ దగ్గర 12.9. పాజిటివ్ నుంచి పాజిటివ్‌కు 0.5, నెగటివ్ నుంచి నెగటివ్‌కు 0.8. పక్క వీధిలో ఏసీలు బాగుచేసే అబ్బాయి దగ్గర క్లాంప్ మీటరు ఉంది, 8 ఆంపియర్లు చూపించింది.

నెగటివ్ వైరు ముందు దాకా వెళ్లలేదు. పికప్ వెనక బంపర్ కింద ఒక బోల్టుకు బిగించారు. టార్చి వేసి చూస్తే బోల్టు చుట్టూ ఎర్రటి తుప్పు, లగ్గు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) లోపల వైరు పోగుల మీద పచ్చటి పొడి. గోటితో గీరితే రాలింది.

సాకెట్ మీటరు సంగతి: స్టార్టు చేయగానే 14.2 ఉంది. జోడుగుళ్లపాలెం దాటేసరికి 12.8కి పడిపోయింది. రుషికొండ దిగువకు వస్తూ మా ఆయన యాక్సిలరేటర్ వదిలినప్పుడు 14.8కి పెరిగింది, మళ్లీ తగ్గింది. డైనమో పాడైందేమోనని భయంగా ఉంది.


ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

భయపడకండి, డైనమో బాగుంది. మీరు ఇచ్చిన అంకెలు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇలా కొలిచి చెప్పేవారు ఉంటే సగం పని అయిపోయినట్టే.

ముందు నెగటివ్ సంగతి. రాగి వైరు 2.5 స్క్వేర్ ఎంఎం ఉంటే మీటరుకు 0.007 ఓమ్ నిరోధం. పాజిటివ్ వైరు ఏడు మీటర్లు ఉంటుందనుకుంటే 8 ఆంపియర్లకు 0.4 వోల్టు పోతుంది. మీకు 0.5 వచ్చింది, ఫ్యూజు, ప్లగ్గు, రిలే కలుపుకుని అది న్యాయమే. నెగటివ్ వైరు మూడు మీటర్లే కాబట్టి 0.2 కూడా పోకూడదు. మీకు 0.8 పోతోంది. మిగిలిన 0.6 మీరు గోటితో గీరిన ఆ చోటే మాయమవుతోంది. మన ఊరి ఉప్పుగాలికి ఇది మామూలే. బీచ్ రోడ్డు మీద తిరిగే బళ్లలో ఎర్త్ కనెక్షన్ కదలకుండా ఉన్నా లోపల చచ్చిపోతుంది. పైకి బిగువుగానే కనబడుతుంది.

ఇక ఆ 14.2 నుంచి 12.8కి పడడం. మీది కొత్త బండి అయి ఉండాలి. ఈ రకం బళ్లలో డైనమో ఎంత వోల్టేజి ఇవ్వాలో ఇంజిన్ కంప్యూటర్ చెబుతుంది. పికప్ సొంత బ్యాటరీ నిండగానే డీజిల్ ఆదా కోసం వోల్టేజి తగ్గిస్తుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు, బండి దిగుడులో ఉన్నప్పుడు ఊరికే వచ్చే శక్తి కాబట్టి పెంచుతుంది. అరకు వెళ్లేటప్పుడు చూడండి, అనంతగిరి ఘాటు ఎక్కుతున్నంతసేపూ తక్కువగా ఉండి, దిగేటప్పుడు పెరుగుతుంది.

సరంగు తమ్ముడు చెప్పిన లావు కేబుల్ పద్ధతిని నేను తీసిపారేయను. బోటు ఇంజిన్ డైనమో ఎప్పుడూ 14 పైనే ఇస్తుంది, రాత్రంతా నడుస్తుంది. అక్కడ అదే సరైన పని. మీ పికప్ పాతదైతే నేను కూడా అదే చెప్పేవాడిని. కానీ డైనమో దగ్గరే 12.8 ఉన్నప్పుడు చేయి లావు కేబుల్ వేసినా ఆ చివర 12.8 కంటే ఎక్కువ రాదు. ట్యూబులర్ బ్యాటరీ నిండాలంటే 14.4 దాకా కావాలి.

మీకు కావలసింది డీసీ-డీసీ ఛార్జర్, 20 ఆంపియర్లది. ముందు నుంచి 12.5 వచ్చినా 14 వచ్చినా, అది ట్రైలర్ బ్యాటరీకి కావలసిన వోల్టేజి తయారుచేసి ఇస్తుంది. దాన్ని ట్రైలర్లో, బ్యాటరీకి దగ్గరగా బిగించాలి. 20 ఇవ్వడానికి అది ముందు నుంచి 25 దాకా లాగుతుంది కాబట్టి 16 స్క్వేర్ కేబుల్, పాజిటివ్, నెగటివ్ రెండూ ముందు దాకా. అప్పుడు దారిలో పోయేది 0.4 వోల్టే. రెండు చివర్లా బ్యాటరీ ఉంది కాబట్టి రెండు చివర్లా 40 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి, ఒక చివర పెట్టి ఊరుకోకండి. మధ్యలో విప్పుకోవడానికి 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్గు.

మీ మెకానిక్‌కు ఒక్క మాట గట్టిగా చెప్పండి. పికప్ బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సార్ ఉంటే, కొత్త నెగటివ్ కేబుల్‌ను ఆ టెర్మినల్‌కు బిగించకూడదు. సెన్సార్ దాటాక చాసిస్‌కు కలిసే చోట బిగించాలి. లేకపోతే ట్రైలర్‌కు వెళ్లే కరెంటు కంప్యూటర్ లెక్కలోకి రాదు. ఛార్జర్ ఆన్ అయ్యే సంకేతం కూడా ఇగ్నిషన్ వైరు నుంచే తీసుకోవాలి. వోల్టేజి చూసి ఆన్ అయ్యేలా పెడితే 12.8 దగ్గర అది ఆగిపోతుంది.


మినసోటాలో పెదవాల్తేరు మనిషి

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. ఇక్కడ చలికాలంలో సరస్సులు గడ్డకట్టాక, ఆ మంచు మీదికి చక్రాల ఇల్లు లాక్కెళ్లి, నేలలో ఉన్న కంతల గుండా మంచుకు రంధ్రం చేసి చేపలు పడతారు. మాకూ ఒకటి ఉంది. హీటర్ గ్యాసుతో మండినా దాని ఫ్యాను, లైట్లు బ్యాటరీ మీదే. లాగే ట్రక్కు నుంచి ఏడు పిన్నుల ప్లగ్గు ద్వారా ఛార్జి వస్తుంది. అందులో వైరు సన్నం, కాబట్టి సరస్సు చేరేసరికి బ్యాటరీలోకి వచ్చేది కొద్దిగానే. సరిగ్గా అక్కగారి బాధే.

ఇక్కడ చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ మొండికేస్తుంది, ఇంకా ఎక్కువ వోల్టేజి అడుగుతుంది. లిథియం అయితే సున్నా డిగ్రీల కింద ఛార్జి ఎక్కించకూడదు. విశాఖలో దీనికి తిరగబడిన సమస్య ఉంటుంది. వేసవిలో పొయ్యి పక్కన వేడెక్కిన బ్యాటరీకి 14.4 కూడా ఎక్కువే అవుతుంది, నీళ్లు త్వరగా తగ్గుతాయి. ఉష్ణోగ్రత సెన్సార్ ఉన్న ఛార్జర్ తీసుకోండి.

ఇక్కడ కొందరు రాత్రి ట్రక్కును ఇంటి పక్కనే నిలిపి ఇంజిన్ ఆన్ చేసి ఛార్జి చేస్తారు. పొగ లోపలికి చేరితే ప్రాణాలకే ముప్పు. దయచేసి అమ్మకాల సమయంలో పికప్ ఇంజిన్ ఆన్ చేసి ఉంచకండి. ఐడిల్‌లో డైనమో ఇచ్చేదీ తక్కువే.


రుషికొండ చేపల బండి

డీసీ-డీసీ ఛార్జర్ పెడితే కొట్టులో ఇవ్వడం పూర్తిగా మానేయవచ్చా? బ్యాటరీ ఇప్పుడు గ్యాసు సిలిండర్ పక్కనే చెక్క పెట్టెలో ఉంది, అలా ఉండవచ్చా?


ఆటోనగర్ ఎలక్ట్రీషియన్

రెండో ప్రశ్నకు ముందు జవాబు: ఉండకూడదు తల్లీ. రేపే మార్చండి. ఛార్జి ఎక్కేటప్పుడు ఈ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. పక్కనే సిలిండరు, ఆ పైన మంట. బ్యాటరీని ట్రైలర్ బయట, ముందు కొక్కెం వైపు ఇనుప పెట్టెలో పెట్టించండి. పెట్టెకు పైనా కిందా గాలి రంధ్రాలు ఉండాలి. బరువు కాబట్టి పట్టీతో కట్టండి. ఛార్జర్ మాత్రం ఆ పెట్టెలో వద్దు, లోపలి గోడకు బిగించండి.

ఇక కొట్టు సంగతి. రోజుకు గంటన్నర ప్రయాణం, 20 ఆంపియర్లు అంటే 30 ఏహెచ్. మీరు వాడేది 55, అది తిరిగి నిండాలంటే నష్టాలతో కలిపి 65 దాకా ఎక్కాలి. మిగతా 35 ఇంటి దగ్గర కరెంటుతో ఎక్కించాలి. 15 ఆంపియర్ల ఛార్జర్ ఒకటి కొని, ఇల్లు చేరగానే పెట్టి తెల్లారాక తీయండి. లెక్కకు రెండున్నర గంటలే, కానీ చివరి అయిదో వంతు మెల్లగా తాగుతుంది, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. అందుకే డైనమో ఎంత పెద్దదైనా గంట ప్రయాణంలో లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండదు. పెద్ద డైనమో వేయించమన్నవారికి ఈ మాట చెప్పండి.

అరకు దారిలో మూడున్నర గంటలు నడుస్తుంది కాబట్టి అక్కడికి దాదాపు నిండుగానే చేరతారు.

ఇన్నాళ్లూ అరకొరగా నడిచింది కనుక ముందు ఒకసారి పూర్తిగా నింపి, హైడ్రోమీటరుతో (బ్యాటరీ లోపలి యాసిడ్ సాంద్రత చూపేది) ఆరు గదులూ చూడండి. అన్నీ 1.240 దగ్గర ఉంటే బ్యాటరీకి ఢోకా లేదు. ఒక్క గది మాత్రం బాగా తక్కువ చూపితే ఛార్జర్ కొనే ముందు నాకు ఇక్కడే రాయండి.

కేబుల్ టిన్ పూత ఉన్న రాగిది అడగండి. హార్బర్ దగ్గర బోటు సామాను అమ్మే కొట్లలో దొరుకుతుంది, సరంగు తమ్ముడు ఏ కొట్టో చెబుతాడు. లగ్గులు సుత్తితో కొట్టించకండి, క్రింపింగ్ మిషనుతో నొక్కించి, మీద హీట్ ష్రింక్ గొట్టం వేసి, బోల్టుకు పెట్రోలియం జెల్లీ పూయించండి.


హార్బర్ సరంగు

చెబుతాను అన్నా. చెల్లెమ్మా, రేపు సరుకుకు వచ్చినప్పుడు జెట్టీ గేటు దగ్గర అడగండి, కేబుల్ నేనే దగ్గరుండి కోయిస్తాను. ఏడు మీటర్లు కాదు, ఎనిమిది తీసుకుందాం. మలుపులో కొక్కెం దగ్గర కాస్త వదులు ఉండాలి.