కామాఠీపురా పేరు ఉంచమని అడగాలా, వదిలేయాలా?

పన్నెండో గల్లీ:

ముంబైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే ఒక మాట చెప్పండి. వచ్చే ఆదివారం మా బిల్డింగ్ కమిటీ మీటింగ్. అందులో నేను మాట్లాడాలి, కానీ ఏం మాట్లాడాలో నాకే తేలడం లేదు.

మాది కామాఠీపురా. తాత నిజామాబాద్ పక్క పల్లె నుంచి తాపీ పనికి వచ్చాడు. నాన్న మిల్లులో చేశాడు. నేను బస్సు కండక్టర్‌ని. పది బై పన్నెండు ఖోలీలో ఏడుగురం పెరిగాం. మోరీ పక్కన నానమ్మ చాట ఒళ్లో పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టేది. తునికాకు వాసన ఇప్పటికీ ఆ గోడలకు ఉందనిపిస్తుంది నాకు. మా ఆవిడ మాత్రం అది చెమ్మ వాసన అంటుంది.

మా గల్లీ గురించి బయటవాళ్లకు తెలిసింది ఒక్కటే, ఒళ్లమ్ముకునే బజారని. అది నిజమే, కాదనను. అందుకే మా నాన్న తలుపు మీద ఎర్ర పెయింటుతో హిందీలో 'ఇక్కడ సంసారులు ఉంటారు' అని రాశాడు. రాత్రి పూట తాగినవాళ్లు తలుపు కొట్టకుండా. నేను చదవడం నేర్చుకున్న మొదటి వాక్యం అదే అయ్యుంటుంది.

ఇప్పుడు మ్హాడా (మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) చేతుల మీదుగా ఏరియా మొత్తం రీడెవలప్‌మెంట్ అంటున్నారు. 500 చదరపు అడుగుల ఇల్లు వస్తుందట. మంచిదే, వద్దనడానికి నేనెవర్ని? మా మెట్లకి సపోర్టు కర్రలు పెట్టి ఎన్నేళ్లయిందో. కానీ కమిటీలో కొంతమంది, కొత్త సొసైటీకి కామాఠీపురా అనే మాట ఎక్కడా తగలకుండా పేరు పెడదాం అంటున్నారు. పిల్లలకు సంబంధాలు రావట లేకపోతే. పోయిన నెల మా అమ్మాయి కాలేజీ ఫారంలో అడ్రస్ దగ్గర 'ముంబై సెంట్రల్' అని రాసి ఆపేసింది. నేను చూశానని తనకు తెలుసు, నేనేమీ అనలేదు. బస్సులో కూడా చూస్తుంటాను, మన ముసలివాళ్లే టికెట్ అడిగేటప్పుడు గొంతు తగ్గించి పక్క ఏరియా పేరు, 'నాగ్‌పాడా' అంటారు.

నాకు ఆ పేరు ఉండాలని ఉంది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. మీరైతే ఏమంటారు?

కరీంనగర్ రిటర్న్:

అన్నా, తప్పుగా అనుకోవద్దు. పేరు పోతే పోనీ.

మా బాపు 1982 జనవరి 18న సమ్మెలోకి దిగాడు, యూనియన్ నాయకుడు దత్తా సామంత్ వెనకాల. రెండు లక్షలకు పైగా మిల్లు కార్మికులు దిగారు, అందులో మన పద్మశాలీలు ఎంతమందో. ఏడాదిన్నర చూసి అమ్మ పుస్తెలు కూడా అమ్మేశాక కరీంనగర్ తిరిగొచ్చాడు. ఊళ్లో ఎవరడిగినా 'వర్లీలో ఉండేవాళ్లం' అని చెప్పేవాడు. ఉన్నది కామాఠీపురాలో. ఆయన చచ్చిపోయేదాకా మాకే తెలియదు, రేషన్ కార్డు దొరికితే తెలిసింది. 'కామాఠీ' అంటే అక్కడ కూలీ అనే కదా అర్థం, తిట్టులాగే వాడేవాళ్లు. అందులో గర్వం ఎక్కడ వెతకాలి? మీ అమ్మాయి తెలివైంది.

సత్తెన్న పూణే:

కరీంనగర్ అన్నా, కూలీ అని అంటే తిట్టెలా అవుతుంది? అలా అన్నవాడి నోటి సంగతి అది.

నేను రిటైరైన లెక్కల టీచర్ని, చరిత్ర పిచ్చి. కాస్త ఓపిక పట్టి చదవండి. 18వ శతాబ్దం చివర్లో హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట వేశాక గానీ అటువైపు బురద నేలలు ఆరలేదు. ఆ నేలల మీదికి నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్లు స్థిరపడ్డారు. వాళ్ల పేరే ఆ చోటికి వచ్చింది. మీరు సిగ్గుపడుతున్న ఆ బజారు పేరు తర్వాతెప్పుడో వచ్చి అతుక్కున్నది.

ఇంకో సంగతి. 1873లో జ్యోతిరావు ఫూలే పూణేలో కుల వివక్షకు ఎదురుగా సత్యశోధక్ సమాజ్ పెట్టారు. బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. వెంకు బాళోజీ కాలేవార్, జయా కరాడీ లింగు, ఇలా మరాఠీ పుస్తకాల్లో పేర్లు దొరుకుతాయి. 1888లో ఫూలేకి బొంబాయిలోనే 'మహాత్మా' అని బిరుదిచ్చారు. మన తెలుగు పుస్తకాల్లో ఈ మనుషులు నాకెక్కడా తగల్లేదు, అది వేరే కోపం. ఆదివారం ఇది చెప్పండి. వింటారని హామీ లేదు, నా క్లాసులోనూ ఎవరూ వినేవాళ్లు కాదు.

వర్లీ చాల్:

బ్రదర్, పేరు సంగతి తర్వాత, ముందు కాగితం సంగతి చూసుకోండి. మాది వర్లీ బీడీడీ చాల్, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత బిల్డింగులు. 1920లలో ఇంగ్లీషువాళ్లు కట్టినవి, 160 చదరపు అడుగుల గది. 2025 ఆగస్టు 14న మొదటి విడతగా 556 కుటుంబాలకు 500 అడుగుల ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు, అందులో మా పిన్ని వాళ్లు ఉన్నారు. ఇంట్లోనే బాత్రూం ఉందని పిన్ని మొదటి రోజు మూడుసార్లు స్నానం చేసింది, నిజంగా.

కానీ బతుకమ్మకు చిక్కొచ్చింది. చాల్‌లో అయితే కింద చోటుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు ఎక్కడ ఆడాలి, ఎన్నింటిదాకా ఆడాలి, పూలు ఎవరు ఊడవాలి, అన్నీ చర్చలే. అందుకని ప్లాన్ మీద ఇంకా గీతలు పడుతుండగానే మీకు కావాల్సిన చోటు అడిగి రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

నిజామాబాద్ కోడలు:

నేను 1998లో పెళ్లయి రైలెక్కి కామాఠీపురాలో దిగాను. నాకెవరూ ఏ గల్లీయో చెప్పలేదు. మొదటి నెల కిటికీ తెరవలేదు నేను. తర్వాత నాకు నల్లా దగ్గర బిందె పట్టి మొదట సాయం చేసింది ఎదురుగా ఆ బజారులో ఉండే ఆమెనే. మా జిల్లా మాట మాట్లాడింది. ఏ ఊరని అడిగితే మాత్రం చెప్పలేదు.

ఇంతమంది మగవాళ్లు పేరు గురించి రాశారు. మీకు పగ్డీ రసీదు (పాత అద్దె హక్కు కాగితం) ఉంది, ఇల్లు వస్తుంది. మంచం మందం చోటుకి రోజువారీ అద్దె కట్టి ముప్పై ఏళ్లు ఉన్న ఆమె పేరు మీద ఏ రసీదూ ఉండదు. బ్యాగులు కుట్టే కార్ఖానాల్లో పడుకునే బీహార్ పిల్లగాళ్లకూ అంతే. మీ తాత వచ్చినప్పుడు ఆయనకీ రసీదు లేదు కదా అన్నా. మీటింగ్‌లో ఇదీ అడగండి, ఎవరికీ నచ్చదు.

పన్నెండో గల్లీ:

అందరికీ థ్యాంక్స్. మీటింగ్ అయింది, ఆలస్యంగా రాస్తున్నా.

అక్కా, మీ మాట అడిగాను. మీరు చెప్పినట్టే ఎవరికీ నచ్చలేదు. సెక్రటరీ గారు 'అది మన సబ్జెక్ట్ కాదు' అన్నారు. మినిట్స్‌లో రాయమని పట్టుబడితే ఒక లైను రాశారు. బతుకమ్మ చోటు గురించి లెటర్ ఇద్దామని ఒప్పుకున్నారు. పేరు సంగతి మళ్లీ చూద్దాం అన్నారు. సత్తెన్న గారూ, ఫూలే పేరెత్తగానే మరాఠీ పక్కింటాయన లేచి నిలబడ్డాడు. మనవాళ్లు మాత్రం టీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

ఒకటి జరిగింది. మెట్ల కింద చిన్న పోచమ్మ గుడి ఉంది, దాని గోడకు చందాలిచ్చినవాళ్ల పేర్లతో తెలుగు పలక. అది చదవడం ఎవరికి వచ్చని అడిగితే మొత్తం బిల్డింగ్‌లో నలుగురం తేలాం. మునిసిపాలిటీ తెలుగు మీడియం బడిలో చదివినవాళ్లమే అందరం. నేను పైకి చదువుతుంటే మా అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసింది. రూపాయి, రెండు రూపాయలు, ఎనిమిది అణాలు. మా తాత పేరు పక్కన డబ్బు లేదు, 'మూడు రోజుల పని' అని ఉంది. రోజూ దాని ముందే చెప్పులు విడుస్తాను, ఎప్పుడూ అంత కిందిదాకా చదవలేదు.

ఆ పలక పాత సున్నంలో పాతేసి ఉంది, పై మూల ఇప్పటికే చిట్లింది. పగలకుండా ఊడదీయగల మేస్త్రి ముంబైలో ఎవరైనా తెలిస్తే చెప్పండి. తెలుగువాడే కానక్కర్లేదు.