రాయగడ నుంచి పీజీ: అప్లయిడ్ సైకాలజీయా, క్లినికల్ సైకాలజీయా, బ్రిటన్ ఏడాది కోర్సా?

నాగావళి ఒడ్డు:

అందరికీ నమస్కారం. ఉండేది రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా. బీఏ సైకాలజీ ఆనర్స్ ఈ ఏడాదితో అయిపోతుంది. తర్వాత ఈ చుట్టుపక్కలే, అంటే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు, మనుషులకి మాటతో చేసే వైద్యం నేర్చుకుని చెయ్యాలన్నది కోరిక. హెచ్‌ఆర్ ఉద్యోగం వద్దు.

ఎమ్మే అప్లయిడ్ సైకాలజీ చదివితే థెరపీ చెయ్యనిస్తారా, లేక క్లినికల్ అని పేరున్న కోర్సే కావాలా? ఇంట్లో ఉండి దూరవిద్యలో చేసేయమని కొందరంటున్నారు. విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు బ్రిటన్‌లో అప్లయిడ్ సైకాలజీ, సైకలాజికల్ థెరపీస్ అని ఒక్క ఏడాది ఎమ్మెస్సీ ఉందని, తిరిగొచ్చి క్లినిక్ తెరుచుకోవచ్చని చెప్తున్నారు. నిజమేనా? అసలు ఒక కోర్సు మంచిదో కాదో ఏం చూసి తెలుసుకోవాలి?

వంశధార:

చెల్లెమ్మా, ముందు దూరవిద్య సంగతి తేల్చేద్దాం. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ ఆపేసింది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం కిందకి సైకాలజీ రావడమే కారణం. అంతకు ముందే చేరినవాళ్ళు పూర్తి చేసుకోవచ్చు. ఇప్పుడు కొత్తగా చేర్చుకుంటామని ఎవరన్నా ఫీజు అడిగితే కట్టకు.

ఇక అసలు విషయం. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టాలంటే పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, నడిపే కేంద్ర రిజిస్టర్‌లో పేరుండాలి. 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్టర్‌లో లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చే నిర్వచనం కూడా ఇదే దారిలో ఉంటుంది. సైకాలజీ, క్లినికల్ సైకాలజీ, అప్లయిడ్ సైకాలజీ, ఈ మూడింట్లో ఏ పీజీ అయినా సరే, దాని మీద క్లినికల్ సైకాలజీ లాంటి విషయంలో రెండేళ్ళ పూర్తికాల ఎం.ఫిల్ ఉండాలి, లేదా ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ అర్హత ఉండాలి. కాబట్టి అప్లయిడ్ అని పేరుండడం లోపమేమీ కాదు. అది మొదటి మెట్టు. దాన్నే చివరి మెట్టు అనుకుని ఆగిపోయేవాళ్ళే ఇబ్బంది పడతారు.

రెండో మెట్టు ఇప్పుడు కదులుతోంది. యూజీసీ ఎం.ఫిల్‌ని మొత్తంగా ఎత్తేస్తూ క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 ప్రవేశాల దాకా వెసులుబాటు ఇచ్చింది. దాని స్థానంలోకి ఆర్‌సీఐ కొత్త కోర్సులు తెస్తోంది. అందుకని చేరే ఏడాది ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆమోదం ఉన్న సంస్థల జాబితా తెరిచి మూడు సంగతులు చూడు: కోర్సు పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందా, సీట్లెన్ని, ఆమోదం ఏ ఏడాది దాకా ఉంది. బ్రోషర్‌లో "ఆర్‌సీఐ పద్ధతిలో" అని రాసి ఉంటే అది ఆమోదం కాదు.

మన వైపు నుంచి దగ్గర్లో కటక్ ఎస్‌సీబీ మెడికల్ కాలేజీ ఆవరణలో మెంటల్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. రాంచీలో సీఐపీ, రిన్‌పాస్ అనే మానసిక వైద్య సంస్థలు ఉన్నాయి, దక్షిణాన బెంగళూరు నిమ్‌హాన్స్. ఎం.ఫిల్‌కి పీజీలో 55 శాతం అడుగుతూ వచ్చారు, ఎస్సీ ఎస్టీ ఓబీసీలకి 50. ఎమ్మే మార్కుల్ని నిర్లక్ష్యం చెయ్యకు. 54.6 దగ్గర ఆగిపోతే దరఖాస్తే తీసుకోరు.

ఎమ్మేకి ఒడిశాలో ఉత్కళ్, రావెన్‌షా లాంటి చోట్లకి ఒడిశా ప్రభుత్వ సామ్స్ పోర్టల్‌లో దరఖాస్తు చేసి సీపీఈటీ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీ పీజీతో ఢిల్లీ, పుదుచ్చేరి వెళ్ళొచ్చు, ఈ రెండు చోట్లా అప్లయిడ్ సైకాలజీ అనే పేరుతోనే పీజీ ఉంది. అందులో తప్పుకి ఒక మార్కు కోత, ఒప్పుకి నాలుగు. తెలియనిది వదిలెయ్యడం నేర్చుకోవాలి.

సరిహద్దు వాళ్ళకి ఒక చిక్కు. ఆంధ్రా యూనివర్సిటీ మనకి రైలుకి దగ్గరే. కానీ ఏపీ పీజీసెట్‌లో ఎక్కువ సీట్లు స్థానికులవి. పైగా ఒడిశా తహసీల్దారు ఇచ్చిన కులపత్రం ఆంధ్ర కోటాకి చెల్లదు. ఒకే కులం అక్కడ బీసీ జాబితాలో ఉండి ఇక్కడి జాబితాలో లేకపోవడం మన తెలుగువాళ్ళలో మామూలే. కేంద్ర విశ్వవిద్యాలయాలకైతే కేంద్ర ఓబీసీ జాబితా, అదీ ఒడిశా పేరు కింద ఉన్నది, చూసుకుని కేంద్ర నమూనాలోనే పత్రం తీయించుకో. నాన్ క్రీమీలేయర్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి. కౌన్సెలింగ్ వారంలో తహసీల్ ఆఫీసుకి పరిగెడితే పని జరగదు.

తూనికరాయి:

బ్రిటన్ ప్రశ్నకి సూటి జవాబు: ఆ ఏడాది ఎమ్మెస్సీతో అక్కడా క్లినికల్ సైకాలజిస్ట్ కాలేరు, ఇక్కడా కాలేరు.

అక్కడ ఆ పేరు వాడుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే ఆరోగ్య వృత్తుల మండలి రిజిస్టర్‌లో ఉండాలి. 2009 నుంచి అదే పద్ధతి. దానికి మామూలుగా మూడేళ్ళ డాక్టరేట్, అందులో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ, ఆసుపత్రుల్లో తర్ఫీదు. ఏడాది ఎమ్మెస్సీ ఆ డాక్టరేట్‌కి, లేదా సహాయక ఉద్యోగాలకి మెట్టు మాత్రమే. 2008లో మొదలై 2023లో ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్ అని పేరు మార్చుకున్న పథకంలో తక్కువ తీవ్రత ఉన్న కేసులు చూసే ఉద్యోగాలున్నాయి. వాటికీ వేరే శిక్షణ ఉంటుంది. కోర్సు పేరులో "థెరపీస్" అని ఉంటే థెరపీల గురించి చదివిస్తారని అర్థం, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి చేయిస్తారని కాదు. ఈ తేడాని కన్సల్టెన్సీలు చెప్పవు.

తిరిగొచ్చాక ఆ డిగ్రీని ఆర్‌సీఐ గుర్తించాలి. పర్యవేక్షణలో చేసిన క్లినికల్ పని లేని ఏడాది కోర్సుకి అది జరిగే పని కాదు. వాళ్ళని రాతపూర్వకంగా ఒక్కటే అడగమ్మా: "ఈ కోర్సులో విద్యార్థి నేరుగా చూసే కేసుల గంటలెన్ని, సూపర్‌విజన్ గంటలెన్ని?" అంకె రాసివ్వకపోతే జవాబు తెలిసిపోయినట్టే. పరిశోధన వైపు వెళ్ళే ఉద్దేశం ఉంటే వేరే మాట, గణాంకాలు బాగా నేర్పే చోట్లు అక్కడ ఉన్నాయి. నీ ఉద్దేశం అది కాదు కదా.

పాత కేస్‌షీట్:

మంచి కోర్సుని ఎలా పసిగట్టాలన్న ప్రశ్న మిగిలిపోయింది. సిలబస్ అన్ని చోట్లా ఇంచుమించు ఒకటే. తేడా అంతా సూపర్‌విజన్‌లో. చేరకముందే సీనియర్లని అడగాలి: వారానికి ఒక గంటైనా గురువు కూర్చుని మీ కేసు వింటారా, లేక సెమిస్టర్ చివర ఒక్క రోజున లాగ్‌బుక్ మొత్తం మీద సంతకాలు పెట్టేస్తారా? ఆ రెండోది జరిగే చోట ఎంత పేరున్నా చెయ్యి తిరగదు.

సీబీటీ, అంటే ఆలోచనలనీ ప్రవర్తననీ మార్చే మాటల వైద్యం, అందులో మొదటేడు పిల్లలు చేసే తప్పు నూటికి నూరుపాళ్ళూ ఒకటే: మొదటి సెషన్‌లోనే ఎదుటి మనిషి ఆలోచన తప్పని వాదించడం. ముందు రెండు మూడు సెషన్లు మాటలు వినడం, సమస్యని ఒక కాగితం మీద చుట్టుగా గీసి చూపడం. ఏం జరిగింది, మనసులో ఏ మాట తిరిగింది, ఒంట్లో ఏమైంది, అప్పుడు ఏం చేశారు, దానివల్ల మళ్ళీ ఏమైంది. ఈ బొమ్మ చూసి రోగి "అవును, ఇదే" అనేదాకా ముందుకి వెళ్ళకూడదు.

తెలుగులో ఇంకో గోతి ఉంది. సీబీటీలో రాయించే ఆలోచనల పట్టికలో ఆలోచనకి ఒక గడి, భావానికి ఒక గడి ఉంటాయి. మన భాషలో "అనిపిస్తోంది" ఆ రెంటినీ మింగేస్తుంది. "ఎందుకూ పనికిరానని అనిపిస్తోంది" అంటే ఆలోచన. "దిగులుగా అనిపిస్తోంది" అంటే భావం. "మీకేమనిపించింది?" అని అడిగితే రెండు గడుల్లోనూ ఒకటే రాసిస్తారు, ఆ పైన వారం హోంవర్క్ అంతా వృథా. అడిగే తీరు మార్చాలి. ఆలోచనకి: "ఆ నిమిషంలో మనసులో ఏ మాట తిరిగింది?" భావానికి: "దిగులా, భయమా, కోపమా, సిగ్గా? పదికి ఎంత?" ఒక వారం ఇలా అడిగితే గడులు వాటంతటవే విడిపోతాయి.

చదువురాని వాళ్ళకి పట్టికలు వద్దు. బిహేవియరల్ యాక్టివేషన్ మన ఊళ్ళకి బాగా సరిపోతుంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2017లో ప్రచురించిన ట్రయల్‌లో మామూలు సలహాదారులకే శిక్షణ ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో తీవ్రమైన డిప్రెషన్‌కి ఇదే చేయించారు, పని చేసింది. సూత్రం చిన్నది: హుషారు వచ్చాక పని కాదు, పని కదిలాక హుషారు. చెడేది ఎక్కడంటే పని పెద్దది పెట్టడంలో. ఇరవై రోజులుగా మంచం దిగని మనిషికి "రేపటి నుంచి పొలానికి వెళ్ళు" అంటే ఓడిపోయి వస్తాడు. పొద్దున్నే అరుగు మీద పది నిమిషాలు, అంతే. చెయ్యగానే గోడమీద బొగ్గుతో ఒక గీత.

ఓసీడీలో, అంటే ఒకే ఆలోచన వేధించి ఒకే పని పదేపదే చేయించే జబ్బులో, ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని మెల్లగా ఎదుర్కోనివ్వడం, చేసేటప్పుడు ఇంట్లోవాళ్ళని పక్కన పెట్టి ప్రణాళిక వేస్తే పని జరగదు. చేతులు కడిగే పిల్లాడికి చెంబుతో నీళ్ళు పోసేది తల్లే. భయాన్ని సున్నా నుంచి నూరు దాకా కొలిచి నలభై దగ్గర మొదలెట్టండి, తొంభై దగ్గర కాదు. భయం శిఖరంలో ఉండగా మధ్యలో ఆపేస్తే, పారిపోతేనే బతుకుతామని ఒంటికి మరింత గట్టిగా నేర్పినట్టవుతుంది.

దిశారి, గుణియా అనే ఊరి పూజారి వైద్యుల్ని వద్దనకండి. చిల్లంగి పెట్టారన్న నమ్మకంతో వచ్చిన మనిషితో ఆ నమ్మకం మీద గొడవకి దిగితే రెండోసారి రారు. పూజ చేయించుకుంటూనే మందు మానకుండా ఉండే ఒప్పందం చాలు. కొట్టడం, పస్తులుంచడం, గొలుసు వేయడం ఉంటే మాత్రం ఊరుకోకూడదు. గొలుసు వేయడాన్ని 2017 చట్టం నిషేధించింది.

నాగావళి ఒడ్డు:

వంశధార అన్నయ్యా, తూనికరాయి గారూ, పాత కేస్‌షీట్ గారూ, చాలా థాంక్సండి. ఆ "అనిపిస్తోంది" సంగతి చదివాక తలలో దీపం వెలిగినట్టైంది. ఇంకొక్కటి. ఎమ్మే డిసర్టేషన్‌కి పీహెచ్‌క్యూ-9, అదే డిప్రెషన్ కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం, వాడి ఇక్కడి తెలుగు ఆడవాళ్ళలో డిప్రెషన్ చూద్దామనుకుంటున్నా. దేశియా మాట్లాడేవాళ్ళకి అక్కడికక్కడ నోటితో తర్జుమా చేసి అడగొచ్చా?

పాత కేస్‌షీట్:

నోటితో అప్పటికప్పుడు మార్చి అడిగిన మార్కుల్ని తెలుగు మార్కులతో కలపొద్దమ్మా. ఒక్కో రోజు ఒక్కో మాట వస్తుంది, అప్పుడు మీరు కొలిచింది డిప్రెషన్‌నో మీ తర్జుమానో తేలదు. తెలుగు తర్జుమా ఇప్పటికే ఉంది, ఆ ఒక్క గుంపుతోనే చెయ్యండి. దేశియా కావాల్సిందేనంటే ఇద్దరు వేరువేరుగా తర్జుమా చెయ్యాలి, మూడో మనిషి మూలం చూడకుండా వెనక్కి ఇంగ్లీషులోకి తిప్పాలి, ఆ తర్వాత పదిమందికి చదివి వినిపించి "ఈ ప్రశ్న మీకేం అర్థమైంది?" అని అడగాలి. దానికే ఒక సెమిస్టర్ పడుతుంది.

తెలుగులో అడిగినా మనవైపు తడబడేది ప్రశ్నల దగ్గర కాదు, జవాబుల దగ్గర. తొమ్మిది ప్రశ్నలకీ గడిచిన రెండు వారాలే లెక్క. "కొన్ని రోజులు", "సగం కంటే ఎక్కువ రోజులు", "దాదాపు రోజూ" అని చదివితే చాలామంది మధ్యదాన్నే పట్టుకుంటారు. పధ్నాలుగు చింతపిక్కలు ముందు పెట్టండి, పోయిన రెండు సంత వారాల రోజులని చెప్పండి, ఎన్ని రోజులు అలా ఉందో అన్ని పక్కకి తీయమనండి. సున్నా లేదా ఒకటైతే 0, రెండు నుంచి ఆరైతే 1, ఏడు నుంచి పదకొండైతే 2, పన్నెండు, ఆ పైనైతే 3. మొత్తం 27కి పది, ఆ పైన వస్తే వివరంగా చూడాల్సిన కేసు, అంతేగానీ జబ్బు నిర్ధారణ కాదు. ఈ పిక్కల పద్ధతి అందరికీ ఒకేలా వాడండి, థీసిస్‌లో పద్ధతి భాగంలో రాయండి. సంత వారానికి ఒకసారి కాని ఊళ్ళలో మాత్రం పండగో పెళ్ళో గుర్తు పెట్టుకోవాలి.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. దాన్ని గొణిగి దాటేసేవాళ్ళే ఎక్కువ. తేటగా అడగండి: "చచ్చిపోతే బాగుణ్ణని అనుకున్నారా? ఎలా అని ఆలోచించారా? అది ఇంట్లో దగ్గరగా ఉందా?" అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. పత్తి వేసే ఊళ్ళలో ఈ మూడింట్లో చివరిదానికి జవాబు తరచుగా వసారాలో పురుగుమందు డబ్బానే. ఆ రోజే ఇంటి పెద్దతో మాట్లాడి డబ్బా వేరే ఇంట్లో తాళం వేయించాలి, జిల్లా ఆసుపత్రి మానసిక విభాగానికి పంపాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరు కాగితం మీద రాసివ్వాలి. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే దరఖాస్తులో ఈ మూడూ ఎవరు, ఎంతసేపట్లో చేస్తారో ముందే రాసుంటే అనుమతి తొందరగా వస్తుంది. అది లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది, రావాలి కూడా.

ఫారాల మీద పేర్లు వద్దు, కోడ్ చాలు. పేరుకీ కోడ్‌కీ లంకె ఉన్న కాగితం ఒక్కటే ఉండాలి, అది వేరే బీరువాలో. మన ఊళ్ళు చిన్నవి, వయసూ వీధీ చెప్తే మనిషి తెలిసిపోతుంది, అందుకని థీసిస్‌లో వీధి పేర్లు కూడా రాయొద్దు.