వాషింగ్టన్ "చేశాడా", "చేశారా"? 1789 నాటి బిరుదుల పేచీకి తెలుగు

అనువాదకురాలు:
అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల కోసం అమెరికా తొలినాళ్ల చరిత్ర ఒకటి తెలుగు చేస్తున్నాను. 1789 దగ్గర చిక్కుపడ్డాను. ఆ ఏడాది ఏప్రిల్ 30న న్యూయార్కులోని ఫెడరల్ హాల్ బాల్కనీలో జార్జ్ వాషింగ్టన్ ప్రమాణం చేశాడు. ఆయన్ని ఏమని పిలవాలన్న దాని మీద సెనేట్ మూడు వారాల పాటు తర్జనభర్జన పడింది. మే నెలలో ఒక కమిటీ "హిజ్ హైనెస్"తో మొదలయ్యే పొడుగాటి బిరుదు ఒకటి సూచించింది. నా మొదటి ప్రయత్నం ఇదీ: "శ్రీశ్రీశ్రీ అమెరికా సంయుక్త రాష్ట్రాల అధ్యక్ష ప్రభువులవారు, వాటి స్వేచ్ఛల సంరక్షకులు". చదువుతుంటే సంస్థానం దివాణంలో అచ్చేసిన ఆహ్వానపత్రికలా ఉంది. ఇలాగే ఉంచాలా, కాస్త తగ్గించాలా?

ఇంకో సందేహం. కథనం మొత్తం వాషింగ్టన్‌కి "చేశాడు" అని రాసుకొచ్చాను. ఎడిటర్ గారు "చేశారు" అని మార్చమంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

గుంటూరు నుంచి:
ఇందులో ఆలోచించేదేముందండీ. అంత పెద్దమనిషిని "చేశాడు" అంటే బాగోదు. "చేశారు" అనండి.

చరిత్ర మాస్టారు:
మొదటిదానికి ముందు చెప్తానమ్మా. తగ్గించకండి. చదవగానే దివాణం గుర్తుకు రావాలి, ఆనాడు మాక్లేకి గుర్తొచ్చిందీ అదే. విలియం మాక్లే పెన్సిల్వేనియా సెనేటరు. అప్పట్లో సెనేట్ తలుపులు మూసుకుని కూర్చునేది, 1795 దాకా బయటివాళ్లని రానిచ్చేది కాదు. ఆయన డైరీ రాసుకోకపోతే లోపల ఎవరు ఎవరి మీద విరుచుకుపడ్డారో మనకి సగం తెలిసేది కాదు.

బిరుదు గొడవ ముదరకముందు జరిగిన ఒక చిన్న సంగతి మీకు బాగా పనికొస్తుంది. ప్రమాణం అయిన మర్నాడు, మే 1. సెనేట్‌లో ముందురోజు మినిట్స్ చదువుతున్నారు. వాషింగ్టన్ ప్రసంగాన్ని ప్రస్తావిస్తూ "హిజ్ మోస్ట్ గ్రేషస్ స్పీచ్" అని ఉంది. మాక్లే లేచాడు. ఇంగ్లండు రాజు ప్రసంగానికి ముందు పెట్టే మాటలు ఇవే, మొన్నమొన్నటిదాకా ఆ రాజరికంతోనే పోట్లాడాం, ఇవి చూస్తే జనానికి ఒళ్లు మండుతుంది, కొట్టెయ్యండి అన్నాడు. సభాపతి స్థానంలో ఉన్నది ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్. ఆయన తెల్లబోయాడు. ఇన్నేళ్లు ఏ ప్రభుత్వం కింద సుఖంగా బతికామో దాని ఆచారం నుంచి ఒక మాట తెచ్చుకుంటే వచ్చిన తప్పేమిటని ఆయన వాదన. చివరికి మాక్లే మాటే నెగ్గింది, ఆ మాటలు కొట్టేశారు.

"మోస్ట్ గ్రేషస్"కి "మహాకరుణామయమైన" లాంటి విశేషణం వెతకకండి. మన భాషలో ఆ పని క్రియ చేస్తుంది. రాజు మాట్లాడడు, సెలవిస్తాడు. రాడు, వేంచేస్తాడు. తినడు, ఆరగిస్తాడు. మినిట్స్‌లో "అధ్యక్షులవారు సెలవిచ్చిన పలుకులు" అని రాసి ఉన్నట్టు పెట్టండి. మాక్లే "సెలవిచ్చిన పలుకులు" కొట్టించి "చేసిన ప్రసంగం" అని ఉంచినట్టు రాయండి. తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా ఎక్కడ గుచ్చుకుందో అర్థమైపోతుంది.

పాత దస్తావేజుల మనిషి:
మాస్టారూ, అది అనువాదం హద్దు దాటినట్టు కాదా? వాళ్లు కొట్టేసింది విశేషణాన్ని, మీరు వాక్యం మొత్తం మారుస్తున్నారు.

చరిత్ర మాస్టారు:
పెద్దల సంగ్రహ చరిత్ర అయితే మీతో ఏకీభవిస్తాను. పిల్లల పుస్తకంలో మాక్లేకి ఎందుకు ఒళ్లు మండిందో తెలియడం ముఖ్యం. "మహాకరుణామయమైన ప్రసంగం" అంటే వాషింగ్టన్ దయగల మనిషనుకుంటారు తప్ప అక్కడ రాజుగారి భాష వినబడదు.

పాత దస్తావేజుల మనిషి:
సరే, వింటుంటే బాగానే ఉంది. మన పాత ఉత్తరాల మీద "మ.రా.రా.శ్రీ" అని ఉండేది, మహారాజరాజశ్రీ. గుమాస్తాకి రాసినా మహారాజే. అలా వాడి వాడి దాని బరువు పోయింది. "హిజ్ ఎక్సలెన్సీ" సంగతి కూడా కొంత అలాంటిదే. 1787 ఆగస్టులో ఫిలడెల్ఫియా సభ ముందుకొచ్చిన రాజ్యాంగ ముసాయిదాలో అధ్యక్షుడి బిరుదు "హిజ్ ఎక్సలెన్సీ" అని స్పష్టంగా ఉంది. సెప్టెంబరు నాటి తుది పాఠంలో కనబడదు. పైగా మొదటి అధికరణంలోనే, సంయుక్త రాష్ట్రాలు ఎవరికీ ప్రభువంశపు బిరుదులు ఇవ్వకూడదని రాసుకున్నారు. మాక్లే బిరుదుల చర్చలో పట్టుకున్నది ఆ వాక్యాన్నే. అప్పటికే మసాచుసెట్స్ గవర్నరు 1780 నాటి వాళ్ల రాజ్యాంగం ప్రకారం "ఎక్సలెన్సీ"! అదొక తమాషా.

కోనసీమ నుంచి:
మీరంతా "హైనెస్" మీద పడ్డారు గానీ అసలు మాట "ప్రెసిడెంట్" కదా. మా ఊళ్లో "ప్రెసిడెంటు గారు" అంటే పంచాయతీ సర్పంచి. ఇప్పటికీ అంతే. "ప్రెసిడెంటు గారు చెరువు దగ్గరున్నారు" అంటే ఎవరూ వాషింగ్టన్ డీసీ వైపు చూడరు.

చరిత్ర మాస్టారు:
భలే అన్నారు. ఆడమ్స్ బాధ అచ్చం అదే! "ప్రెసిడెంట్" అంటే ఆనాటి ఇంగ్లీషులో సభకి అధ్యక్షత వహించే మనిషి, అంతకుమించి ఏమీ లేదు. స్వాతంత్ర్య యుద్ధకాలపు కాంగ్రెస్‌కి ఒకరి తర్వాత ఒకరు ప్రెసిడెంట్లు ఉండేవాళ్లు, పెద్దగా అధికారాలు లేవు. పెన్సిల్వేనియా ప్రభుత్వాధినేతా ప్రెసిడెంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ పదవి చేశాడు. ఆడమ్స్ సెనేట్‌లో ఏమన్నాడంటే, మంటలార్పే కంపెనీలకీ ప్రెసిడెంట్లున్నారు, క్రికెట్ క్లబ్బుకీ ఉన్నాడు, ఉత్త "జార్జ్ వాషింగ్టన్, ప్రెసిడెంట్" అంటే పరాయి దేశాల నావికులూ సైనికులూ కూడా చులకనగా చూస్తారని. ఆయన్ని మరీ రాజభక్తుడిగా చూపించకండి. పదవికి తళుకు లేకపోతే ప్రభుత్వానికి బలం ఉండదని నిజంగా నమ్మిన మనిషి ఆయన. కొత్త దేశం, ఖాళీ ఖజానా, ఐరోపా అంతా రాజులే. ఆ భయం వట్టి అహంకారం కాదు.

ప్రతినిధుల సభ మాత్రం ససేమిరా అంది. మే 5నే, రాజ్యాంగంలో ఉన్న పేరు తప్ప ఇంకేదీ వద్దని తీర్మానించింది. మన తీరు ఎంత నిరాడంబరంగా ఉంటే అంత హుందాతనం అన్నట్టుగా ఆ సభ సభ్యుడు జేమ్స్ మాడిసన్ మాట్లాడాడు. మే 14న సెనేట్ దిగొచ్చింది, అదీ ప్రస్తుతానికి ప్రతినిధుల సభతో సామరస్యం కోసం అని సన్నాయి నొక్కులు నొక్కుతూ. అప్పటికి పారిస్‌లో రాయబారిగా ఉన్న జెఫర్సన్‌కి ఆ బిరుదు సంగతి చేరితే, ఇంత నవ్వులాటైన సంగతి ఎన్నడూ వినలేదని మాడిసన్‌కి ఉత్తరం రాశాడు.

కాబట్టి "రాష్ట్రపతి" అని మాత్రం రాయకండి. అందులో "పతి" ఉంది. వాళ్లు తప్పించుకోవాలనుకున్నదే మనం చేతికి అందించినట్టవుతుంది. "అధ్యక్షుడు" సరైన మాట, సభకి ముందు కూర్చునేవాడు.

కోనసీమ నుంచి:
స్వాతంత్ర్యానికి ముందు మన కాంగ్రెస్ పార్టీ అధ్యక్షుణ్ణి కూడా "రాష్ట్రపతి" అనేవాళ్లు కదండీ. ఉపన్యాసాల్లో "రాష్ట్రపతి సుభాష్ బాబు" అని. మన దగ్గర పార్టీ మాట గణతంత్రానికి ఎక్కింది, అక్కడ సభ మాట ఎక్కింది.

డల్లాస్ నుంచి:
ఒక చిన్న సవరణ. ఆ బిరుదులో చివరి ముక్క "ప్రొటెక్టర్ ఆఫ్ దెయిర్ లిబర్టీస్". మీరు "వాటి స్వేచ్ఛల" అని బహువచనంలోనే పెట్టారు, ఎడిటర్ ఏకవచనం చేస్తే ఒప్పుకోకండి. అప్పటికి "యునైటెడ్ స్టేట్స్" బహువచనమే. రాజ్యాంగంలో దేశద్రోహం గురించి చెప్పేచోట కూడా "వాటి మీద యుద్ధం చేయడం" అనే ఉంటుంది. ఇక్కడ మా పిల్లల ఇంగ్లీషులో అది ఏకవచనమైపోయింది. "సంయుక్త రాష్ట్రాలు" అనే తెలుగు మాత్రం ఇంకా 1789లోనే ఉంది. ఇంకోటి, "ప్రొటెక్టర్" అనగానే ఇంగ్లీషువాళ్లకి క్రామ్వెల్ గుర్తొస్తాడు. రాజు తల తీయించి తనే "లార్డ్ ప్రొటెక్టర్" అయి కూర్చున్నవాడు. "సంరక్షకులు" అంటే ఆ అనుమానం రాదు, కానీ అంతకంటే మంచి మాట నాకూ తట్టడం లేదు.

నల్లగొండ నుంచి:
అందరూ సెనేట్‌లోనే కూర్చున్నారు. బయట వీధిలో ఏమైందో కూడా పుస్తకంలో ఉండాలె కదా. ఆ రోజుల్లో అమెరికా పోయిన ఇంగ్లండువాళ్లు ఒక సంగతి చూసి బిత్తరపోయిన్రు. పనిమనుషులు "మాస్టర్" అనరు, "సర్వెంట్" అంటే ఊరుకోరు. "మాస్టర్" బదులు డచ్చివాళ్ల నుంచి వచ్చిన "బాస్" అనే మాట పట్టుకున్నరు. చార్లెస్ జాన్సన్ అనే యాత్రికుడు 1807లో అచ్చయిన తన పుస్తకంలో ఇట్ల రాసిండు: ఒక ఇంటికి పోయి తలుపు తీసిన పిల్లని "మీ మాస్టర్ ఇంట్లో ఉన్నడా" అని అడిగితే, నాకు మాస్టర్ లేడు అన్నదట. మరి నువ్వెవరంటే, నేను వాళ్లింట్లో "హెల్ప్" అన్నది. దీనికి మనకు తయారుగా మాట ఉన్నది, "వాళ్లింట్ల సాయంగ ఉంటున్న". అంతటితో ఆగితే బాగుండు. ఆ పిల్ల ఇంకో మాట అన్నది. సర్వెంట్లు అంటే నల్లవాళ్లే, నేను కాదు అని. నల్లవాళ్లకి ఆమె వాడిన మాట ఇక్కడ రాయను.

1790 జనాభా లెక్కల్లో దాదాపు 39 లక్షల మందిలో 7 లక్షల మంది బానిసలు. రాజ్యాంగంలో "బానిస" అనే మాటే లేదు, "ఇతర వ్యక్తులు" అని ఉంటది. తెల్లపిల్ల "నాకు దొర లేడు" అని గట్టిగా అనగలిగింది ఎందుకంటే పక్కన దొర ఉన్నవాళ్లు ఇంకొకరున్నరు. దక్షిణాదిన తెల్లవాళ్లు ముసలి బానిసని "అంకుల్" అంటరు గానీ "మిస్టర్" అనరు. "దొరా, నీ బాంచెన్" అన్న ప్రాంతం నుంచి వచ్చినోడిని, ఎవరికి ఏ పిలుపు దక్కుతదో నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మేడమ్ రెండో ప్రశ్నకు వస్త. వాషింగ్టన్‌కు "చేశారు" పెట్టిన్రు అనుకుందాం. ఓనా జడ్జ్ కథ రాయాల్సొస్తే ఏం చేస్తరు? మార్తా వాషింగ్టన్‌కు దాసి. 1796 మే నెలలో ఫిలడెల్ఫియాలో అధ్యక్షుడి ఇంట్లో వాళ్లు భోజనం చేస్తుండంగ బయటికి నడిచి, ఓడెక్కి న్యూహాంప్‌షైర్ చేరింది. వాషింగ్టన్ మనుషుల్ని పంపినా వెనక్కి రాలేదు. 1848లో చనిపోయేదాకా చట్టం లెక్కల బానిసే. మన ఎడిటర్లు ఆమెకు అలవాటుగా "పారిపోయింది" అని రాస్తరు. "ఆవు పారిపోయింది" అన్నా అదే క్రియ. ఒక పేజీలో "వాషింగ్టన్ ప్రకటన వేయించారు", కింద "ఓనా పారిపోయింది". ఇంగ్లీషులో "హీ", "షీ" అని సరిపెట్టుకోవచ్చు, మనకు ఆ వీలు లేదు.

అనువాదకురాలు:
ఇది నాకు తట్టలేదండీ. ఓనా జడ్జ్ పేజీ పుస్తకంలో ఉంది, నేను "పారిపోయింది" అనే రాశాను కూడా.

గుంటూరు నుంచి:
అయితే ఇద్దరికీ "-డు, -ది" పెట్టెయ్యండి. గొడవ వదిలిపోతుంది.

నల్లగొండ నుంచి:
అట్ల వదలదన్నా. "చేశాడు" మనిషికే వాడతం, "పారిపోయింది" మనిషికీ ఆవుకీ ఒకటే. ఇద్దరికీ "-రు" పెడితేనే ఇద్దరూ మనుషులైతరు. "ఓనా జడ్జ్ ఆ ఇంటి నుంచి వెళ్లిపోయారు."

చరిత్ర మాస్టారు:
నేనూ దానికే ఓటేస్తాను. ఇందాక మినిట్స్‌లో "సెలవిచ్చిన" తీయించాం కాబట్టి, "-రు" అందరికీ ఇచ్చినా రాజభక్తిలా ఉండదు.

ఇంకో దారి కూడా ఉండేది, క్వేకర్లది. క్రైస్తవుల్లో అదొక శాఖ. పెన్సిల్వేనియాలో వాళ్లు ఎక్కువ. మేజిస్ట్రేటైనా సరే ఎదుటివాణ్ణి "దీ" అనేవాళ్లు, అంటే "నువ్వు". బిరుదు చెప్పరు, టోపీ తీయరు. ఇంగ్లండులో వాళ్ల తాతలు ఇలాంటి మొండితనానికే జైళ్లకి వెళ్లారు. కిందికి దించి అందరినీ సమానం చేయడం వాళ్ల పద్ధతి. మీ పుస్తకంలో ఎవరైనా క్వేకరు మాట్లాడితే వాళ్ల సంభాషణలో మాత్రం "నువ్వు" అని ఉంచండి, ఎదురుగా అధ్యక్షుడే ఉన్నా సరే.

అనువాదకురాలు:
సరే, నిర్ణయం ఇదీ. కథనంలో వాషింగ్టన్, మాక్లే, ఓనా జడ్జ్, అందరికీ "-రు". మినిట్స్‌కి "సెలవిచ్చిన". బిరుదుకి దివాణం భాష ఉన్నదున్నట్టు. ఎడిటర్ గారికి ఈ చర్చ లింకు పంపిస్తాను, ఓనా జడ్జ్ దగ్గర మాత్రం పట్టుబడతాను. చివరిగా ఒక్కటి తేల్చండి. బిరుదుల మీద మోజు చూసి, ఆడమ్స్ ఒళ్లు కూడా కాస్త భారీ కాబట్టి, రాల్ఫ్ ఇజార్డ్ అనే సెనేటరు ఆయనకి "రోటండిటీ", అంటే గుండ్రదనం, అని బిరుదు తగిలించాడు, హైనెస్ బదులు. దీన్ని తెలుగులో ఏమందాం?

కోనసీమ నుంచి:
శ్రీశ్రీశ్రీ బొజ్జప్రభువులవారు.

పాత దస్తావేజుల మనిషి:
"లంబోదరులవారు" అనవచ్చు గానీ దేవుడి పేరు, వెటకారం తగ్గిపోతుంది. "ఘనత వహించిన" అనే పాత మాట ఉంది కదా, దాన్ని తిప్పి "ఘనపరిమాణం వహించిన ఉపాధ్యక్షులవారు" అంటే?

డల్లాస్ నుంచి:
ఇదే పెట్టండి మేడమ్. పిల్లలు లెక్కల క్లాసులో కూడా నవ్వుకుంటారు.