పోర్ట్రెయిట్ కోసం ఫొటో: లైటు చూసి కూర్చోబెట్టి తీయాలా, మామూలుగా ఉన్నప్పుడు తీసిందే మేలా?

బొగ్గుముక్క:
నేను ఫొటో చూసి ఆయిల్ పోర్ట్రెయిట్లు వేస్తాను. రోజుల తరబడి ఎదురుగా కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి నాకు ఫొటోయే ఆధారం. పోయిన నెల ఒక పెద్దావిడ బొమ్మ వేశాను. కిటికీ పక్కన కుర్చీ వేసి, తల కాస్త ఇటు, గడ్డం కాస్త కిందికి అని చెప్పి తీసిన ఫొటో. వెలుగునీడలు చక్కగా కుదిరాయి. బొమ్మ పూర్తయ్యాక వాళ్ళ అమ్మాయి చాలాసేపు చూసి, "పోలిక ఉందండీ, కానీ మా అమ్మ ఇలా ఉండదు" అంది. తన ఫోన్‌లో ఒక ఫొటో తీసి చూపించింది. ఎవరిదో మాట వింటూ పక్కకి తిరిగి నవ్వుతున్న ఫొటో. లైటు అధ్వానం, నడినెత్తిన ట్యూబ్‌లైటు, కళ్ళు గుంటల్లోకి పోయాయి. అయినా అందులో ఉన్నది ఆవిడే. నా బొమ్మలో లేదు.

అప్పట్నుంచి ఇదే తొలుస్తోంది. ఆ బొమ్మ మళ్ళీ వేస్తానని చెప్పాను. ఈసారి ఫొటో ఎలా తీయాలి?

కిటికీ పక్కన:
బొగ్గుముక్క గారూ, కూర్చోబెట్టిన తీరులో ఏదో లోపం జరిగింది. దాన్ని తీసుకెళ్ళి లైటు మీద వేయకండి.

ముఖంలో ఎత్తుపల్లాలు మనకి నీడల వల్లే తెలుస్తాయి. కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా కొడితే నీడలన్నీ ముఖం వెనక్కి పోతాయి. ఇక మిగిలేవి కళ్ళు, ముక్కుపుటాలు, పెదవుల గీత. అవి చూసి వేస్తే అట్టముక్క మీద కళ్ళూ ముక్కూ అతికించినట్టు వస్తుంది. ఒకటే వెలుగు ఉండాలి, అది పక్క నుంచి, కంటి ఎత్తుకి కాస్త పైనుంచి పడాలి. ముక్కు నీడ నోటి మూల వైపు జారి చెంప నీడతో కలిస్తే, నీడ వైపు కంటి కింద చిన్న త్రికోణంలా వెలుగు మిగులుతుంది. ఫొటోగ్రాఫర్లు రెంబ్రాంట్ లైటింగ్ అనేది దీన్నే. అది కనబడేదాకా నేను కుర్చీ జరుపుతూనే ఉంటాను. నీడ మరీ నల్లబడితే అటువైపు ఒక తెల్ల అట్ట నిలబెడితే సరిపోతుంది.

గదిలో బల్బులు మాత్రం తప్పకుండా ఆపేయండి. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, మబ్బు రోజున పగటి వెలుగు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది, పసుపు బల్బు 2700 దగ్గర. రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పసుపుగా కనిపిస్తుంది. కెమెరా ఏదో రాజీ కుదిర్చి రెండింటినీ చెడగొడుతుంది. తర్వాత చర్మం రంగు కలపబోయినప్పుడు మన కష్టం చూడాలి.

కదిలే గీత:
త్రికోణం కోసం కుర్చీ జరుపుతున్నంతసేపూ ఆ కుర్చీలో మనిషి ఏమవుతున్నారో చూశారా? "కదలకండి" అనగానే ఎవరైనా ఊపిరి బిగబడతారు. భుజాలు పైకి లేస్తాయి. నవ్వమంటే నవ్వుతారు, రెండు మూడు క్షణాల్లో ఆ నవ్వు కళ్ళలోంచి పోయి పెదవుల మీద మాత్రం ఉండిపోతుంది. 1839లో డాగరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతి వచ్చిన కొత్తలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది, తర్వాత కూడా చాలాకాలం తల కదలకుండా వెనకాల ఇనప ఊతం పెట్టేవాళ్ళు. ఆ ముఖాల బిగువు ఇప్పటికీ తెలుస్తుంది. మన కెమెరాకి క్షణంలో వందో వంతు చాలు. అయినా ఇంకా ఎందుకు బిగించడం?

నేను కబుర్లు చెబుతూ తీస్తాను. వందల ఫొటోలు వస్తాయి, అందులో ఒకదాంట్లో మనిషి దొరుకుతుంది. లైటు ఎలా ఉన్నా సరే, ముఖం నిర్మాణం తెలిసినవాళ్ళు నీడల్ని బొమ్మలో సరిదిద్దుకోగలరు.

తైలవర్ణం:
కదిలే గీత గారి చివరి మాటతో నాకు గట్టి పేచీ ఉంది. నేనూ ఏళ్ళ తరబడి అదే చేశాను. ఒక ఫొటోలో భావం, ఇంకో ఫొటోలో లైటు తీసుకుని కలిపేవాణ్ణి. అది కలవదు. నవ్వినప్పుడు చెంప పైకి లేస్తుంది, కింది రెప్ప ముడుచుకుంటుంది, ముక్కుపుటాలు వెడల్పవుతాయి. అంటే ప్రతి నీడా చోటు మారుతుంది. నవ్వని ముఖం నీడలు తెచ్చి నవ్వే ముఖం మీద వేస్తే చూసేవాళ్ళకి తప్పు ఎక్కడుందో తెలియదు కానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

కబుర్ల మధ్య తీసే ఫొటోల్లో ఇంకో ఇబ్బంది దూరం. మనిషికి దగ్గరగా కూర్చుని ఫోన్‌తో తీస్తాం కదా. ముక్కు కొన నుంచి చెవి దాకా ఒక 12 సెంటీమీటర్లు అనుకోండి. ముక్కుకి 60 సెంటీమీటర్ల దూరంలో కెమెరా ఉంటే చెవికి 72. అంటే చెవితో పోలిస్తే ముక్కు 20 శాతం పెద్దగా పడుతుంది. అదే 240 సెంటీమీటర్ల దూరానికి వెనక్కి జరిగితే తేడా 5 శాతమే. చాలామంది లెన్స్‌ని తిడతారు, నిజానికి తేడా దూరంలోనే ఉంది. వెనక్కి జరిగి, ఫోన్‌లో జూమ్ లెన్స్ ఉంటే దాంతో తీయండి. ముఖం నునుపు చేసే ఫిల్టర్లన్నీ ఆపండి. వెలుగు పడ్డ చోటికి ఒకటి, నీడకి ఒకటి వేర్వేరు ఎక్స్‌పోజర్లలో (కెమెరాలోకి వెలుగు ఎక్కువ, తక్కువ రానిచ్చి) కూడా తీసి పెట్టుకోండి, నీడలో ఏముందో తర్వాత కావాలంటే దొరకదు.

ఎదురుగా చూసి:
ఫొటోలో నీడ నల్లటి మచ్చలా పడుతుంది. అదే నీడలో కంటికి ఎరుపు, ఆకుపచ్చ కనిపిస్తాయి. అందుకే నా మాట ఒక్కటే, మనిషిని చూసి వేయండి. 1899లో ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ తన బొమ్మ వేయడానికి తనని 115 సార్లు కూర్చోబెట్టాడని చిత్రాల వ్యాపారి వొల్లార్ చెప్పుకున్నాడు. మీకు అంత వీలు లేకపోతే కనీసం ఒక అరగంట ఎదురుగా కూర్చుని చిన్న అట్ట మీద రంగులు మాత్రం రాసుకోండి.

కదిలే గీత:
అరగంట రంగుల మాట బాగుంది, ఒప్పుకుంటాను. కానీ పికాసో కూడా రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్‌ని 80, 90 సార్లు కూర్చోబెట్టుకున్నాడంటారు, చివరికి ముఖం చెరిపేసి 1906లో ఆవిడ ఎదురుగా లేనప్పుడు వేశాడు. ఎదురుగా ఉన్నంత మాత్రాన మనిషి దొరకరు.

తైలవర్ణం:
కూర్చోబెడితే ప్రాణం పోతుందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. అమెరికాలో చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ 1930ల చివరి నుంచి ఫొటోల మీదే ఆధారపడ్డాడు. ప్రతి ఫొటోనీ ఏర్పాటు చేసి తీయించేవాడు. కావలసిన హావభావం ముందు తనే నటించి చూపించేవాడు. ఆ బొమ్మల్లో మనుషులు బిగుసుకుపోయినట్టు ఎక్కడుంది? పోజు చెప్పడం వేరు, పోజు రప్పించడం వేరు.

బొగ్గుముక్క:
అందరికీ థాంక్స్. నిన్న మళ్ళీ వెళ్ళి తీశాను, జరిగింది చెబుతాను.

ముందు వాళ్ళ అమ్మాయిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి లైటు కుదుర్చుకున్నాను. బల్బులు ఆపేశాను. కుర్చీ కాళ్ళ దగ్గర నేల మీద సుద్దతో గుర్తు పెట్టాను. కెమెరాని రెండున్నర మీటర్ల దూరంలో స్టాండ్ మీద బిగించాను. ఆ తర్వాతే పెద్దావిడని పిలిచాను. తల ఇటు తిప్పండి అని ఈసారి ఒక్కసారి కూడా అనలేదు. ఆవిడ తల ఎటు తిరగాలో అటు, కిటికీ వైపున, వాళ్ళ అమ్మాయికి ఇంకో కుర్చీ వేశాను. మాట్లాడుకోమన్నాను. తల దానంతట అదే తిరిగింది.

మొదటి పావుగంట ఫొటోలు దేనికీ పనికిరావు, ఇద్దరూ నన్నే చూస్తున్నారు. తర్వాత మర్చిపోయారు.

కిటికీ పక్కన:
ఇది విని నాకు చాలా సంతోషంగా ఉంది. ఆవిడకి కళ్ళద్దాలు ఉంటే, వాటి మీద కిటికీ మెరుపు రాలేదా?

బొగ్గుముక్క:
వచ్చింది. చెవుల దగ్గర కాడలు కొంచెం పైకి లేపితే అద్దాలు కిందికి వాలి మెరుపు పోయింది. కానీ కాసేపటికి ఆవిడే కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు, వేలితో కాడ తెరుస్తూ మూస్తూ మాట్లాడారు. చేతులు ఏం చేయమని చెప్పాలా అని పోయినసారి తెగ టెన్షన్ పడ్డాను.

కదిలే గీత:
అదే వేయండి. అయినా ఆ గదిలో, ఆ కుర్చీలో ఆవిడ రోజూ కూర్చుంటారా? నేనైతే రోజూ కూర్చునే చోటికే వెళ్ళి, అక్కడున్న వెలుగుతోనే తీసేదాన్ని. ఈ విషయంలో నా మాట నాదే.

బొగ్గుముక్క:
రోజూ కూర్చునే చోటు వంటింటి గుమ్మం, అక్కడ వెలుగు వెనక నుంచే వస్తుంది, ముఖం పూర్తిగా నీడలో పడుతుంది. చూశాను, నా వల్ల కాదనిపించింది.

కళ్ళద్దాలు చేతిలో ఉన్న ఫొటోయే తీసుకుంటున్నాను. ఏదో చెప్పడం ముగించారు, పెదవులు ఇంకా పూర్తిగా కలవలేదు. ముక్కుకి రెండు పక్కలా అద్దాలు నొక్కుకున్న గుంటలు ఉన్నాయి. వెలుగు పక్క నుంచి వస్తోంది కాబట్టి ఒక్కో గుంట అంచున సన్నటి నీడ కనిపిస్తోంది. పాత బొమ్మలో అక్కడ నేను నున్నగా రంగు పూసేశాను. రేపు ఆ రెండు గుంటల దగ్గర్నుంచే స్కెచ్ మొదలుపెడతాను.