ఇద్దరు పిల్లల లెక్క: సగమా, మూడో వంతా?

లెక్కల_మాస్టారు: ఇంటర్ పిల్లలకు ఇచ్చిన లెక్క ఇది. ఒకింట్లో ఇద్దరు పిల్లలు. కనీసం ఒకరు ఆడపిల్ల అని తెలుసు. ఇద్దరూ ఆడపిల్లలే అయ్యే సంభావ్యత ఎంత? జవాబు 1/3. క్లాసంతా సగం అంటుంది!

గోదారి_గట్టు: క్లాసుదే రైటు. ఒకరి సంగతి తేలిపోయింది. రెండోవాళ్లు ఆడో మగో. సగం.

లెక్కల_మాస్టారు: మగకు మ, ఆడకు ఆ పెట్టి, పెద్ద, చిన్న వరసలో రాయండి: మమ, మఆ, ఆమ, ఆఆ. మమ కొట్టేస్తే మిగిలేవి మూడు. ఆఆ ఒక్కటే.

గోదారి_గట్టు: మఆ, ఆమ ఒకటే కదండీ! అన్నాచెల్లెళ్లయితే ఏంటి, అక్కాతమ్ముళ్లయితే ఏంటి?

లెక్కల_మాస్టారు: రెండు రూపాయి బిళ్లలు వందసార్లు ఎగరేయండి. రెండూ బొమ్మలు పడేది పాతికసార్ల దాకా. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు యాభై దాకా. ఒకటే ఎలా అవుతాయి?

బాతాఖానీ: పల్లీలు వేయించుకుని కూర్చున్నా. కానివ్వండి.

గోదారి_గట్టు: పిల్లలు బిళ్లలా? 100 మంది ఆడపిల్లలకు 105 మంది దాకా మగపిల్లలు పుడతారు. మీ పునాదే తేడా.

సిరిమల్లె: నాకు ముగ్గురూ ఆడపిల్లలే. మూడో కాన్పప్పుడు మా అత్తయ్య 'ఇద్దరు ఆడపిల్లలయ్యారు, లెక్క ప్రకారం ఈసారి మగపిల్లాడే' అని పోయిన మామయ్య పేరు వెండి గిన్నె మీద చెక్కించి తెచ్చింది. పాప పుట్టాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మీ లెక్కలు ఇళ్లలో ఇలా వాడతారు సార్.

లెక్కల_మాస్టారు: అది లెక్క కాదమ్మా. ముందు ఎవరు పుట్టారో మూడో కాన్పుకు తెలియదు. అప్పుడూ దాదాపు సగమే.

గోదారి_గట్టు: ఇప్పుడు సగమా! పొద్దున్నుంచీ నేనన్నది అదే.

లెక్కల_మాస్టారు: అది వేరు, ఇది వేరు! ముప్పై ఏళ్లుగా చెబుతున్నానయ్యా పాఠాలు!

గోదారి_గట్టు: సర్వీసు చూపించకండి. మా ఎదురు ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలని వాచ్‌మన్ చెప్పాడు. బెల్ కొడితే పాప తలుపు తీసింది. రెండోవాళ్లు ఆడపిల్ల అయ్యే అవకాశం ఎంత? చెప్పండి.

లెక్కల_మాస్టారు: సగం. ఇద్దరూ ఆడపిల్లలైతే ఎప్పుడు కొట్టినా పాపే తీస్తుంది, ఒక్కరే అయితే సగంసార్లే. నేనడిగింది అది కాదు. ఇద్దరు పిల్లలున్న ఇళ్లన్నీ రాసుకుని, ఆడపిల్ల లేనివి తీసేస్తే మిగిలినవాటిలో.

గోదారి_గట్టు: ఆ ముక్క ప్రశ్నలో ఉందా? 'తెలుసు' అన్నారు. ఎలా తెలుసు? 1959లో లెక్కల పజిళ్లు రాసే అమెరికా రచయిత మార్టిన్ గార్డనర్ కూడా ఇలాంటి ప్రశ్నే వేసి, తర్వాత అందులో స్పష్టత లేదని ఒప్పుకున్నాడు. మీరూ ఒప్పుకోండి.

లెక్కల_మాస్టారు: ప్రశ్న తిరగరాస్తాను. జవాబు మాత్రం మారదు.

సిరిమల్లె: మాస్టారూ, ఆ 'మూడో కాన్పుకు తెలియదు' ముక్క పెద్దక్షరాలతో మళ్లీ రాస్తారా? మా తోటికోడలికి ఇద్దరూ ఆడపిల్లలే, ఇప్పుడు ఆరో నెల. అత్తయ్య నిన్న గిన్నెల షాపుకి వెళ్లొచ్చింది.