ఖాళీ ప్లాట్లు శుభ్రం చేసే పని: ముందు మిషన్ కొనాలా, కత్తి పలుగుతో మొదలుపెట్టాలా?

కావలి_కొత్త
బయటి ఊళ్లలో, విదేశాల్లో ఉండేవాళ్ల ఖాళీ ప్లాట్లు, తాళం వేసిన ఇళ్ల ఆవరణలు శుభ్రం చేయించి ఫోటోలు పంపే పని ఇంటి దగ్గర నుంచే పెట్టాలనుకుంటున్నా. చేతిలో 30 వేలు, ఒక స్కూటర్. బ్రష్ కట్టర్ (భుజాన తగిలించుకుని గడ్డీ కంపా కోసే పెట్రోలు మిషన్) కొనేయమని కొందరు, అది ఇప్పుడే వద్దని కొందరు అంటున్నారు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

పెన్నాగట్టు
కొనండి, అనుమానమే అక్కర్లేదు. నెల్లూరు లెక్కలో 40 అంకణాల ప్లాటు తీసుకోండి. అంకణానికి 72 చదరపు అడుగులు, అంటే 320 గజాలు. నడుమెత్తు గడ్డి ఉంటే కొడవలితో ఇద్దరికి ఒక రోజు పడుతుంది. మిషన్‌తో ఒక్క మనిషి రెండు మూడు గంటల్లో తేల్చేస్తాడు. 52 సీసీ టూ స్ట్రోక్ చాలు, పెట్రోలు గంటకు లీటరు దాకా తాగుతుంది.

పచ్చగడ్డికి నైలాన్ దారం, ముదురు కలుపుకు మూడు పళ్ల బ్లేడు, బొటనవేలంత లావు కంపకు 80 పళ్ల గుండ్రటి బ్లేడు. టూ స్ట్రోక్ ఇంజన్‌కు పెట్రోలులోనే ఆయిల్ కలపాలి, ఆ పాళ్లు మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో చూడండి: 25:1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అయితే 20. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు మసిపట్టి మాటిమాటికీ ఆగుతుంది. రెండు మూడు వారాలు పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. లేకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురైపోతుంది. చాలా మిషన్లు మెకానిక్ దగ్గరికి చేరేది ఈ ఒక్క కారణానికే.

మంగమూరురోడ్డు
గడ్డి వరకు మీ లెక్క ఒప్పుకుంటా. కానీ ఒంగోలు చుట్టుపక్కల అయిదారేళ్లు వదిలేసిన వెంచర్లలో గడ్డి ఎక్కడుంది? ఉండేదంతా చిల్లచెట్లు, అదే సర్కారు తుమ్మ. దాన్ని నేలకు సమంగా కోస్తే మొదట్లోంచి అయిదారు పిలకలు లేస్తాయి. పిలకలు పుట్టే కణుపులు నేల లోపలే ఉంటాయి కాబట్టి, మొదలు చుట్టూ తవ్వి కనీసం జానెడు లోతున వేరు నరికి, ఆ దుంప పైకి తీయాలి. అది పలుగూ గొడ్డలీ చేసే పని, బ్రష్ కట్టర్ వల్ల కాదు. మిషన్‌తో గీసి ఫోటో పంపితే ఆ రోజు బాగుంటుంది. మూడు నెలలకు ప్లాటు యజమాని పక్కింటివాళ్ల చేత ఇంకో ఫోటో తీయిస్తాడు, అప్పుడు మీ పేరు పోతుంది.

ఇంకోటి, ఊరి ప్లాట్లలో గడ్డి మాటున పాత ముళ్లతీగ, చీరముక్కలు, సీసా పెంకులు ఉంటాయి. గుడ్డ షాఫ్టుకు చుట్టుకుంటుంది. రాయికి తగిలిన బ్లేడు మిషన్‌ను మనిషి మీదికి ఎదురు తన్నేలా చేస్తుంది. చుట్టూ 15 మీటర్ల దూరంలో మనిషి గానీ కారు అద్దం గానీ ఉండకూడదు. ఇళ్ల మధ్య ప్లాటులో ఆ దూరం ఎక్కడ దొరుకుతుంది?

రెండు వేటకత్తులు, రెండు కొడవళ్లు, గొడ్డలి, రెండు పలుగులు, రెండు పారలు, ముళ్లకంప తొయ్యడానికి పంగలకర్రలు, మందపాటి తోలు గ్లౌజులు, మోకాళ్ల దాకా గమ్‌బూట్లు. మొత్తం ఏడెనిమిది వేలలో అయిపోతుంది. మిగతా డబ్బు కూలికీ ట్రాక్టరుకూ చేతిలో ఉంచుకోండి.

పెన్నాగట్టు
దుంప తీయాలన్న మాట నిజమే. కానీ ముందు పైన గడ్డి తీస్తేనే కదా దుంప ఎక్కడుందో, పాము ఎక్కడుందో, మూత లేని పాత బోరుగుంత ఎక్కడుందో కనిపించేది! చేత్తో గడ్డి కోసేవాళ్ల వేళ్లు రక్తపింజర పక్కనే ఆడుతుంటాయి. ఎండుటాకుల్లో పడుకుంటే అది కనపడదు. ముందుగా పొడవాటి కర్రతో తట్టుకుంటూ ప్లాటంతా ఒక చుట్టు తిరగాలి. కాటు పడితే కట్లు బిగించొద్దు, కోయొద్దు. కాలు కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేయాలి.

గూడూరు_ట్రాలీ
ఇద్దరూ కోత దగ్గరే ఆగిపోయారు. ఈ పనిలో చేతులు కాలేది తరలింపులో. ట్రాలీకి సుమారు వంద ఘనపుటడుగులు అనుకుంటే, కంపను కొట్టింది కొట్టినట్టు వేస్తే బరువేమీ లేకుండానే నిండిపోతుంది, ఒక ట్రిప్పు పని మూడవుతుంది. మూడడుగుల ముక్కలు చేసి, అడ్డంగా పేర్చి, తొక్కించాలి. మణికట్టుకన్నా లావు కట్టె వేరుగా పెడితే వంటచెరకు వాళ్లో బొగ్గుబట్టీ వాళ్లో తీసుకుంటారు. కోతకు ముందే మాట్లాడి పెట్టుకోండి, కోశాక అడిగితే ధర పడగొడతారు. ఇటుక, కాంక్రీటు ముక్కలైతే లెక్క తిరగబడుతుంది: ట్రాలీ సగం నిండేసరికే బరువు మించుతుంది, టైరు పోతుంది.

అగ్గిపెట్టె మాత్రం జేబులో పెట్టుకోవద్దు. బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్దఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది. జరిమానా పక్కన పెట్టినా, ఎండుగడ్డి నిప్పు పక్క ప్లాటు కంచె దాటితే ఆపేదెవరు? వాగులో, పంటకాలువలో పోయడం అంతకన్నా తప్పు. మునిసిపాలిటీ వాళ్లు ఎక్కడ వేయమంటారో ముందు అడిగి, అక్కడికి ఎన్ని కిలోమీటర్లో చూశాకే రేటు చెప్పండి. ఫోన్‌లో అంకణానికి ఇంత అని ఎప్పుడూ ఒప్పుకోవద్దు. కోత, దుంపలు, తరలింపు మూడింటికీ మూడు ధరలు వేరుగా రాసి పంపండి, తరలింపు డబ్బు ముందే తీసుకోండి.

కావలి_కొత్త
గడ్డిమందు కొడితే ఈ ఖర్చంతా తగ్గదా? ఉప్పునీళ్లు కొట్టినా చాలంటున్నారు.

మంగమూరురోడ్డు
గ్లైఫోసేట్ గురించే అయితే, 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కట్టడి చేసింది. మీరు కొట్టకూడదు. గాలికి పక్క చేలో మిరప మీద పడితే నష్టపరిహారం మీ 30 వేలతో తీరదు. పైగా మందుతో చచ్చిన గడ్డి కూడా అక్కడే నిలబడి ఉంటుంది, కోత తప్పదు.

ఉప్పునీళ్లు వయ్యారిభామకు పనిచేస్తాయి, లీటరుకు 200 గ్రాములు కలుపుతారు. అయితే అది పొలం గట్టుకు చెప్పిన మాట. రేపు ఇల్లు కట్టబోయే స్థలంలో ఉప్పు పోస్తే పునాది ఇనుముకు తుప్పు తెచ్చిపెట్టినట్టే. వయ్యారిభామను పూత రాకముందే గ్లౌజులేసుకుని వేళ్లతో సహా పీకాలి. నైలాన్ దారంతో కొడితే తునకలు మొహం మీద పడి దద్దుర్లు వస్తాయి, ఆయాసం ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం.

సర్వేరాయి
ఒక్క విషయం ఎవరూ ఎత్తలేదు. మీకు ఫోన్ చేసినవాడు ఆ స్థలం యజమానేనా? తగాదాలో ఉన్న ప్లాటు శుభ్రం చేయడమంటే ఒక పక్షానికి స్వాధీనం చూపించినట్టు. దస్తావేజు మొదటి పేజీ, ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం చూపే సర్టిఫికెట్), నాలుగు హద్దుల వివరాలు తెప్పించుకుని, పని మొదలుపెట్టమని వాట్సాప్‌లో రాయించుకోండి. హద్దురాళ్లకు ముందే సున్నం పూసి ఫోటో తీయండి. జేసీబీ పెట్టినా పలుగు పెట్టినా రాయి కదిలితే పక్కవాళ్లతో గొడవ మీ మెడకే. వేప, చింత లాంటి చెట్లుంటే ముట్టుకోవద్దు, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం, 2002) కింద అనుమతి యజమాని తేవాలి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రూపాయి ఫీజు లేదు, ఎవరికీ ఇవ్వొద్దు. సేవల పనికి ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు.

పెన్నాగట్టు
ఇవన్నీ చేయాల్సినవే. అయినా మిషన్ మాట వదలను: జనవరిలో వానలు వెనకబట్టాక ఒకేసారి పది ప్లాట్లకు ఫోన్లు వస్తాయి. అప్పుడు కొడవళ్లతో ఎన్ని అందుకుంటారు?

గూడూరు_ట్రాలీ
ఆ జనవరిలోనే కొనమనండి, అడ్వాన్సులతో. అప్పటిదాకా మంగమూరు ఆయన చెప్పిన సరంజామా చాలు. నేల తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడే దుంపలు తేలిగ్గా లేస్తాయి, ఆ పని ముందు పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం నల్లరేగడి ప్లాటుకు ట్రాలీ తేదీ ఇవ్వొద్దు. లోడుతో దిగబడిన ట్రాలీని లాగడానికి ఇంకో ట్రాక్టరు కావాలి, ఆ బాడుగ మీ లాభమంతా మింగేస్తుంది. కోసిన కంప ఒక మూల కుప్పేసి, నేల గట్టిపడ్డాక ఎత్తుతామని ఒప్పందంలోనే రాయండి.