సైట్‌లో సేఫ్టీకి బహుమతులు: మీ అనుభవం ఏంటి?

కొమ్మాది_ఇంజినీర్
అందరికీ నమస్కారం. కొమ్మాది దగ్గర అపార్ట్‌మెంట్ పని, ఐదో స్లాబ్ నడుస్తోంది. హెల్మెట్ పెట్టుకోమంటే పెట్టుకుంటారు, నేను అటు తిరగగానే తీసేస్తారు. ఫైన్ వేస్తే మర్నాడు మనిషి వేరే సైట్‌కి పోతున్నాడు. నెలంతా ఒక్క యాక్సిడెంట్ కూడా లేకపోతే గ్యాంగ్ మొత్తానికి బోనస్ ఇద్దామని మా కాంట్రాక్టర్ గారు అంటున్నారు. మీలో ఎవరైనా చేసి చూశారా?

సేఫ్టీ_గాజువాక
బోనస్ ఇవ్వండి. కానీ 'యాక్సిడెంట్ లేకపోతే' అనే షరతు మాత్రం వద్దండి, దయచేసి. పరవాడ వైపు ఒక షెడ్డు పనిలో ఇదే స్కీం చూశాను. నెలాఖరులో ఒక రాడ్ బెండర్ కాల్లో మేకు దిగింది. చెబితే అందరి బోనస్ పోతుంది. తోటివాళ్లే చెప్పొద్దన్నారు, ఊరికి పంపాల్సిన డబ్బు మరి. గుడ్డ కట్టుకుని పనిచేశాడు. కాలు వాచి అడుగు వేయలేని స్థితి వచ్చాకే మాకు తెలిసింది. అప్పటిదాకా టీటీ ఇంజెక్షన్ కూడా లేదు. బోర్డు మీద మాత్రం 'ప్రమాదాలు: సున్నా' అనే ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

అమెరికాలో భద్రతా నియమాలు చూసే ఓషా 2018లో ఇచ్చిన వివరణ కూడా ఇదే దారిలో ఉంది. ఇలాంటి బహుమతులు పెట్టుకోవచ్చు, కానీ దెబ్బ తగిలిందని చెప్పడానికి పనివాడు వెనకాడకూడదు. మన 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పిందీ, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్ చెప్పేదీ ఒకటే, ప్రమాదం వల్ల మనిషి 48 గంటలు పనిచేయలేకపోయినా అధికారులకు తెలియజేయాలి. దెబ్బలు దాచే అలవాటు పడితే రేపు చిక్కుల్లో పడేది మీ కాంట్రాక్టర్ గారే.

సెంట్రింగ్_మేస్త్రీ
మా మాట కూడా వినండి సార్. సేఫ్టీ బెల్టు ఇస్తారు, బాగుంది. దాని హుక్కు తగిలించడానికి పైన లైఫ్‌లైన్, అంటే గట్టిగా కట్టిన తాడు, ఉండదు. పరంజా కర్రకి తగిలించమంటారు, ఆ కర్రే ఊగుతుంటుంది. ముందు తాడు కట్టించండి, అంచులకి రెయిలింగ్ పెట్టించండి. బహుమతి ఆ తర్వాత.

ఇంకో మాట. మాకు చదరపు అడుగు లెక్కన రేటు. తొందరగా పని ముగిస్తేనే నాలుగు డబ్బులు. బెల్టు మార్చి మార్చి తగిలించుకుంటే పని నెమ్మదిస్తుంది. ఆ నష్టం ఎవరిస్తారు? మీ బోనస్ దానికన్నా తక్కువైతే కుర్రాళ్లు పట్టించుకోరు.

యెండాడ_సూపర్‌వైజర్
మేస్త్రీ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర కొంత పనిచేసింది చెబుతాను. ప్రమాదం త్రుటిలో తప్పిందని గానీ, జరిగేలా ఉందని గానీ ఎవరు చెప్పినా అక్కడికక్కడే టిఫిన్ కూపన్. లిఫ్ట్ గుంతకి అడ్డు తీసేశారనో, వైరు తెగి నీళ్లలో పడిందనో వచ్చి చెప్పడం మొదలుపెట్టారు. చెప్పింది ఆ పూటే సరిచేయాలి, లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. ఒడియా, హిందీ కుర్రాళ్లకి వాళ్ల భాషలోనే చెప్పించాం. మేస్త్రీకి కూడా విడిగా ఇవ్వండి, తొందర పెట్టేదీ ఆపేదీ ఆయనే.

మార్చి 4న సేఫ్టీ డే అని ఒక్కరికి మిక్సీ ఇచ్చి ఫోటో దిగితే మిగతా ఏడాదికి ఏమీ మారదు.

తాపీ_పని_ఇంటి_నుంచి
మా అమ్మ హెల్పర్. ఇసుక, ఇటుకలు మోసే ఆడవాళ్లని ఈ బహుమతుల్లో ఎవరూ లెక్కలోకే తీసుకోరు. కొప్పు మీద నిలిచే హెల్మెట్, కాలికి సరిపోయే సైజు బూట్లు ఇస్తే మా అమ్మకి అదే పెద్ద బహుమతి.

కొమ్మాది_ఇంజినీర్
అందరికీ ధన్యవాదాలు. మేస్త్రీ గారి మాట ప్రకారం ముందు లైఫ్‌లైన్, అంచు రెయిలింగ్ అడుగుతాను. 'సున్నా యాక్సిడెంట్' షరతు తీసేయమంటాను. యెండాడ గారూ, కూపన్ల కోసం లేనిపోనివి చెప్పేవాళ్లు రాలేదా?

యెండాడ_సూపర్‌వైజర్
మొదట్లో వచ్చారండి. చెప్పిన చోటికి వాళ్లనే తీసుకెళ్లి చూపించమనేవాళ్లం. నిజంగా ఉంటేనే కూపన్.